చాటలో వచ్చిన గొంగడి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మింది అర్జీలనే. నాకు జరిగిన ప్రతి అన్యాయానికీ కాపీ దాచుకున్న మనిషిని.

యుద్ధం జరిగిన అరవై అయిదులో పటాన్‌చెరులో మాది కిరాణా దుకాణం. శత్రువులు విమానాల్లోంచి మశూచి క్రిములు చల్లుతారట అని కొట్టు ముందు రోజూ అదే మాట. ఆ వారమే ఎదురింటి నర్సవ్వ మనవరాలు, ఏడేళ్ల పిల్ల, మశూచితో పోయింది. అమ్మవారిని సాగనంపాలని ఆ పిల్ల కప్పుకున్న గొంగడిని చాటలో పెట్టి, పసుపు చల్లి, వేపాకు కప్పి, పక్క ఊరి పొలిమేరలో వదిలి వచ్చారు. మా దగ్గర అదే ఆచారం. పక్క ఊరివాళ్ల గతేమిటని ఎవరూ అడగరు.

తెల్లారి చూస్తే ఆ చాట మా గడప ముందు ఉంది. నా నాలుగేళ్ల కూతురు గొంగడి కప్పుకుని ఆడుకుంటోంది. దానికి టీకా లేదు. కిందటేడు టీకాలవాడు వస్తే, జ్వరం వస్తుందని నేనే దాన్ని ధాన్యం గదిలో దాచాను.

నర్సవ్వ మీదికి వెళ్లాను.

"పోయిన బిడ్డ మీద ఒట్టు సేటు, పొలిమేర దాటిచ్చి అచ్చిన. నీ ఇంటికెందుకు తెస్త?" అంది.

నేను నమ్మలేదు. చాటను, గొంగడిని కిరసనాయిలు పోసి నా చేతులతో కాల్చాను.

మర్నాడు సంగారెడ్డి వెళ్లి ఆరోగ్యశాఖ కచేరీలో అర్జీ ఇచ్చాను. ఇదీ క్రిమియుద్ధమే, విమానం బదులు చాట వాడారు అని రాశాను. గుమాస్తా దాన్ని పైకి చదివి, "ఏంది సేటు, దుష్మన్‌గాళ్లు మీ గల్లీలనే దిగిన్రా?" అని అందరినీ నవ్వించాడు. రెండు గంటలు నిలబెట్టాడు. ఆ ముఖం నాకింకా గుర్తే. అయినా టీకాలవాణ్ని నా వెంట పంపేదాకా నేను కదల్లేదు.

ఆ సాయంత్రమే అతను మా ఇంటి లోపల నా కూతురికి టీకా వేశాడు. సూది చూడలేక నేను వాకిట్లో నిలబడ్డాను. బయటికి వస్తూనే కోపం చేశాడు.

"పెద్ద బిడ్డకు సూది ఆనిచ్చే జాగనే లేదు సేటు, చెయ్యంత పొక్కులే. గసొంటి పిల్లను చిన్నదాని పక్కన కూసోబెడ్తరా?"

"నాకు ఒక్కతే కూతురు" అన్నాను.

ఇద్దరం లోపలికి వెళ్లాం. వెనక తలుపుకు లోపలి నుంచి గడియ వేసే ఉంది. నా కూతురు ఒక్కతే, చాప అంచుకు ఒదిగి, మిగతా చాపంతా ఎవరికో వదిలి కూర్చుంది.

దానికి మశూచి రాలేదు. అతను చూసింది ఎవరినో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నా కూతురికి పెళ్లయింది, పిల్లలున్నారు. ఈనాటికీ చాప అంచునే పడుకుంటుంది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు.