లేజరు ఆపినా ఆగని వెలుగు

లాక్‌డౌన్లు ముగిసిన తర్వాతి వేసవిలో, రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా, నన్ను తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కళాశాల ఫిజిక్స్ ల్యాబుకు ఇన్‌ఛార్జిగా వేశారు. ఏలూరు నుంచి రోజూ పాసింజరులో వెళ్ళేవాణ్ణి. అసోసియేట్ ప్రొఫెసర్ సుభద్ర కూడా అదే పెట్టెలో ఎక్కేవారు. కొల్లేటికోట మనిషి. ఆవిడ ప్రాజెక్టుకు పొడిగింపు రావాలంటే ఆ నెలలో ఫలితం చూపాలి. రాకపోతే ఏళ్ళ తరబడి చేసిన పని అటకెక్కినట్టే.

పని ఇదీ. సిలికాన్ కార్బైడ్ స్ఫటికంలో పరమాణువులు కంపిస్తుంటాయి. కంటికి కనిపించని దీర్ఘతరంగ పరారుణ కాంతి ఆ కంపనాలతో జతకడితే, స్ఫటికం ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పాకుతుంది. ఆ జంటనే సర్ఫేస్ ఫోనాన్ పోలరిటాన్ అంటారు. చేలోకి నీరు మళ్ళించే బోదెలాగా, దాన్ని నడిపించే సన్నటి దారి వేవ్‌గైడు. చిక్కల్లా, ఆ కాంతి కాస్త దూరం పోయేసరికే నీరసించిపోతుంది. సుభద్రగారి గైడులో మాత్రం చివరిదాకా బలంగా వచ్చింది. ల్యాబులో పూతరేకులు పంచారు.

నాకు నమ్మకం కుదరలేదు. లేజరు ముందు తిరిగే రెక్కల చక్రాన్ని చాపర్ అంటారు. అది కాంతిని తునకలు చేస్తుంది. ఆ లయలో వచ్చే సంకేతాన్నే మీటరు చూపిస్తుంది. పరీక్ష కోసం వీళ్ళు చాపర్‌కీ గైడుకీ మధ్య అట్టముక్క అడ్డుపెట్టేవారు. సంకేతం పోయేది. అందరికీ అదే రుజువు.

"లేజరే ఆపి చూడండమ్మా. చాపర్ని తిరగనివ్వండి," అన్నాను.

"అట్ట పెడితే పోతోంది కదండీ. మా ఇంట్లో కాఫీ ఇచ్చినా మీకు అనుమానమేనండీ, మాస్టారూ," అన్నారావిడ. అందరూ నవ్వారు.

"పటంలోంచి విభూతి రాలిందంటే పటం వెనక చూడమని మా హేతువాద సభల్లో అనేవాళ్ళం. ఇక్కడ చూడొద్దా అండీ?"

ఆవిడ కుర్చీలోంచి లేచారు.

లేజరు ఆవిడే ఆపారు. సంకేతం దాదాపు అలాగే ఉంది. మోటారు వేడికి కాగిన చాపర్ రెక్కలే పరారుణాన్ని వెదజల్లుతున్నాయి, అదే లయలో; గైడుతో పనిలేకుండానే అది మీటరుకు చేరుతోంది. అట్ట లేజరు కాంతినీ, రెక్కల వేడినీ కలిపి ఆపేసింది, అంతే.

సుభద్రగారు మీటరు అంకెని పుస్తకంలో రాసుకున్నారు. "పైవాళ్ళకి నేనే చెబుతానండి," అన్నారు. చెప్పారు. పొడిగింపు రాలేదు. మర్నాటినుంచి ఆడవాళ్ళ పెట్టె ఎక్కారు. మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పితే బల్లకి అవతల ఎవరూ కూర్చునేవారు కాదు. రిటైరయ్యేదాకా అంతే.

దారికి అడ్డం పెట్టి చూస్తే చాలదు. మూలాన్ని ఆపి, ఇంకా ఏం మిగిలిందో చూడాలి. మూఢనమ్మకం చదువులేనివాళ్ళ సొత్తని పడుచుతనంలో సభలెక్కి వాదించాను. ఆ వాదన తప్పు. కోరుకున్న ఫలితం కనబడితే పరికరాలున్నవాళ్ళూ చేతులు జోడిస్తారు. అడిగినవాడు ఒంటరివాడవుతాడు. ఆ సంగతి తెలిసే, మళ్ళీ అదే ల్యాబులో వేసినా, లేజరు ఆపమనే అంటాను.