పళ్లెం దాటించే దర్జీ

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఏనాడూ లేవని మనిషి కత్తెర పెద్దాయన. ఆయన గురించి మాత్రం అందరూ సాక్ష్యం చెబుతారు. "ఒకప్పుడు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు చూడండి, ఎంత నిమ్మళమో" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే గుడిలో ఆయన పక్కన కూర్చునేది నేను. ప్రభువు బల్ల రోజున రొట్టె పళ్లెం తన దగ్గరికొస్తే, ముక్క తీసుకోకుండా నాకు దాటించేవాడు. ఆరేళ్లుగా అంతే. తగువు పడ్డవాళ్లతో రాజీపడకుండా ఆ రొట్టె ముట్టకూడదని మాలో నియమం.

దుకాణంలో ఆయన కత్తిరిస్తే తమ్ముడు కుట్టేవాడు. ఆరేళ్ల కిందట ఒక కోటుకి రెండు చేతులూ ఎడమవైపువే తేలాయి. "కళ్లు ఎక్కడ పెట్టుకుని కుట్టావురా? నీకు సూది పట్టడం నేర్పించడం నా బుద్ధితక్కువ" అని, కోటు కుట్టించుకునే పెద్దమనిషి ముందే దాన్ని తమ్ముడి మొహాన కొట్టాడు. తమ్ముడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం మిగిలిన గుడ్డ పరిచి చూస్తే పెద్దాయనకి తెలిసింది, రెండో చేతికి నమూనా తిప్పి గీయడం తానే మరిచాడని.

కోపమొస్తే నోరు అదుపులో పెట్టుకోమని పాస్టరు గారు చెప్పారు. ఈయన దాన్ని పూర్తిగా కట్టేసుకున్నాడు. క్షమించమని అడగాల్సింది కూడా ఆ నోటితోనే కదా. తమ్ముడు ఎదురొస్తే వీధి మారేవాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. కొలతలు పైకి చదివేవాడు, రాసుకునే తమ్ముడు లేడని గుర్తొచ్చి, టేపు మెళ్లో వేసుకుని తానే వెళ్లి రాసుకునేవాడు. అంత ఒంటరి మనిషిని నేను చూడలేదు.

పోయిన నెల పాస్టరు గారు ప్రసంగంలో, కోపాన్ని గెలిచినవాడంటూ ఈయన్నే చూపించారు. తర్వాత పళ్లెం వచ్చింది. దాన్ని నా ఒళ్లో పెట్టి, లేచి బయటికి నడిచాడు. నేను పళ్లెం పక్కవాళ్లకిచ్చి వెనకే వెళ్లాను. నా బుద్ధి అలాంటిది.

మూడు వీధుల అవతల తమ్ముడు తలుపు సగం తీశాడు.

"ఆ రోజు తప్పు నా కత్తెరది" అన్నాడు పెద్దాయన.

"కత్తెరదా, నీదా?"

"నాది."

"నాకు ఆ రోజే తెలుసు" అన్నాడు తమ్ముడు. ఇక ఆరేళ్లదీ అందుకున్నాడు. పిల్లకి జబ్బు చేస్తే తొంగిచూడలేదన్నాడు. దారిలో మొహం తిప్పుకున్నావన్నాడు. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. పెద్దాయన మెడ నరాలు ఉబ్బాయి. ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని అలాగే నిలబడ్డాడు.

చివరికి తమ్ముడికి ఆయాసం వచ్చింది. "ఇంకా నిలబడ్డావేం?" అన్నాడు.

"నీది అయిపోలేదేమోనని."

తమ్ముడు తలుపు పూర్తిగా తెరిచాడు.

"అయిపోలేదు. లోపలికొచ్చి కూర్చుని విను, అన్నయ్యా."