మొదట నేర్పేది పడటమే

మొన్న బొమ్మసంద్రలో నేను ఒకప్పుడు లెక్కలు చెప్పిన స్కూలు నుంచి ఆహ్వాన పత్రిక వచ్చింది. మా ప్రాంతానికి జూడో తెచ్చిన పితామహుడని స్కూలు కమిటీ కార్యదర్శికి సన్మానమట. పాతికేళ్లుగా అణిచిపెట్టుకున్న కసి ఒళ్లు విరుచుకుని లేచింది.

తొంభైల చివర్లో, భర్త ఫ్యాక్టరీ ఉద్యోగం వెంట జపాన్ నుంచి వచ్చిన ఒకావిడ మా స్కూలు ఆడపిల్లలకు జూడో నేర్పింది. మూడు నెలలపాటు నేర్పింది ఒక్కటే, దెబ్బ తగలకుండా కిందపడటం. అక్కడే చదివే నా కూతురు ఇంట్లో కూడా దబ్బున పడి, అరచేత్తో నేలను చరిచి, నవ్వుతూ లేచేది.

ఆట చాప ఎక్కేముందు ఆవిడ తల వంచేది. నేర్చుకునే చోటుకిచ్చే మర్యాద అది. కార్యదర్శికి అది పూజలా కనిపించింది. మర్నాడే చాపకు పసుపు కుంకుమలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించాడు. చాప దేవుడయ్యాక తక్కినదంతా దానంతటదే వచ్చింది.

"ఆ మూడు దినాలు ఆడబిడ్డలు దీన్ని తొక్కేది బేడప్పా, వద్దే వద్దు, మైల ఉండాది కదా" అన్నాడు నాతో.

ఒకరోజు నా కూతుర్ని గుమ్మంలోనే ఆపి, అందరి ముందూ కారణం చెప్పించారు. మర్నాడు ఆ జపాన్ టీచరమ్మ తడిగుడ్డతో పసుపంతా తుడిచేసి, ఏడుస్తున్న పిల్లను చెయ్యి పట్టుకుని చాప ఎక్కించింది. వారం తిరక్కుండా ఆవిణ్ణి మాన్పించారు. సభల్లో మూఢనమ్మకాలను చీల్చి చెండాడే నేను, ఉద్యోగం పోతుందని నోరు మెదపలేదు. నా కసిలో సగం నా మీదే.

సన్మానానికి కూతుర్నీ, ఆమె తోటి పాత విద్యార్థినుల్నీ వెంటబెట్టుకుని వెళ్లాను. రెండు మాటలు చెప్పమని మైకిచ్చారు. జూడోలో మొట్టమొదట నేర్పేదేమిటో సెలవివ్వమని కార్యదర్శినే అడిగాను.

ఆయన శాలువా సర్దుకుని, "ఎదుటోళ్లను ఎత్తి పడేసేదప్పా, ఇంకేముండాది" అన్నాడు.

ముందు వరుసలో నా కూతురు ఫక్కున నవ్వింది. ఆ వెనకే వరుస వరుసంతా నవ్వింది.

"పడేది సార్. మూడు నెలలు అదే నేర్చుకున్నాం. మీరెప్పుడు నేర్చుకున్నారు?" అంది నా కూతురు.

అప్పుడు, ఆనాడు మింగిన మాటలన్నీ, ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆయన తల దించుకున్నాడు. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు.

ఇప్పుడక్కడ ఆడపిల్లలు నెలంతా ఆడుతున్నారు, అడిగేవాళ్లు లేరు. బయటికొస్తూ చూశాను, ఒక పిల్ల తల వంచి చాప ఎక్కుతోంది. అలా ఎందుకు చేస్తారని అడిగాను.

"ఏమో అంకుల్, ముందునించీ అట్లే" అంది.

ఆ జపాన్ టీచరమ్మ సంగతి దానికి చెబుదామని నిలబడ్డాను. ఈలోపే ఆ పిల్ల దబ్బున పడి, అరచేత్తో చాపను చరిచి, నవ్వుతూ లేచింది.