అమ్మ ముఖాన పసుపు

బిలాస్‌పూర్ చలి మా అమ్మకి ఎన్నేళ్లయినా అలవాటు కాలేదు. విజయనగరం వైపు పుట్టిన మనిషి. చలికాలం వస్తే కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టేది. దాన్ని సిగ్డీ అనే బొగ్గుల కుంపటి పక్కన పెట్టి కరిగించి, నా కాళ్లకీ చేతులకీ పట్టించిగానీ స్కూలుకి పంపేది కాదు. పక్క రైల్వే క్వార్టరు ఆవిడ ఆవనూనె రాయమని ఎంత చెప్పినా వినలేదు. ఆ వాసనకి అన్నం సహించదట. ఆదివారం సున్నిపిండితో నలుగు. లోకో షెడ్డు బొగ్గుపొడి అంతా నా మోచేతుల మీదే చేరుతుందన్నట్టు రుద్దేది. నేను వీధి వినేలా గోల పెట్టేదాన్ని.

తనకి మాత్రం పసుపే. రోజూ స్నానానికి ముందు పసుపు కొమ్ము అరగదీసి ముఖానికి, మెడకి, పాదాలకి రాసుకునేది. ఆ కొమ్ములు ఊరి నుంచి ఎవరు రైలెక్కినా వాళ్ల సంచిలో రావాల్సిందే. ఎంత కడుక్కున్నా చెంపల మీద లేత పచ్చదనం మిగిలేది. ముఖాన మొటిమన్నది ఎరగదు. పొద్దున్నే నాకు జడ వేస్తుంటే తడి పసుపు వాసన వచ్చేది. అది మళ్లీ ఒక్కసారి తగిలితే చాలని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఐదో తరగతి రిజల్టు రోజున అమ్మ స్కూలుకి వచ్చింది. మా క్లాసులో తెలుగుపిల్లని నేనొక్కదాన్నే. మిగతావాళ్ల ఇళ్లలో ముఖానికి పసుపంటే పెళ్లికూతురికే. వెనక బెంచీ పిల్ల అమ్మని చూసి, మీ మమ్మీకి పెళ్లా అని హిందీలో అడిగింది. క్లాసంతా నవ్వారు. అమ్మకి అర్థమైంది, అయినా ఆ పిల్లని చూసి తనూ నవ్వింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"ఆ పసుపు మొహంతో ఇంకెప్పుడూ మా స్కూలుకి రాకు," అన్నాను ఇంటిదారిలో.

"అచ్ఛా," అంది అమ్మ.

స్కూలుకి రావద్దన్నాను గానీ ఇంట్లో మానమన్నానా? మానేసింది. మర్నాటి నుంచి సబ్బు, పైన కాస్త పౌడరు. నాన్న డ్యూటీ దిగి వచ్చి, ఏమిటలా పాలిపోయావని అడిగితే, ఇక్కడి నీళ్లకి పసుపు పడటం లేదని చెప్పింది. నా పేరెత్తలేదు. గుమ్మంలోనే ఉన్న నేనూ నోరు విప్పలేదు. పైగా లోపల సంతోషించాను, సిగ్గులేనిదాన్ని.

కాలేజీ చదువుకి రాయపూర్ హాస్టల్లో ఉండగా ఆ వాసన మీద బెంగ పట్టుకుంది. మళ్లీ రాసుకో అమ్మా అని ఉత్తరం రాద్దామంటే అప్పటికి నాకు తెలుగు రాయడం రాదు, అమ్మకి హిందీ చదవడం రాదు. ఎదురుగానే చెబుదాంలే అనుకున్నాను. సెలవులకి ఇంటికి వెళ్లేదాన్ని, తినేదాన్ని, పడుకునేదాన్ని, చెప్పకుండానే తిరిగొచ్చేదాన్ని. అలా మూడేళ్లు గడిచాక నాన్న పోయారు.

ఆ ఏడాది చలికాలంలో ఇంటికి వెళ్లి నేనే పసుపు కొమ్ము అరగదీశాను. సగం నా చెంపలకి రాసుకుని, మిగిలింది వేళ్లతో తీసి అమ్మ ముందు పట్టాను. నువ్వూ రాసుకో అన్నాను. భర్త పోయిన మనిషిని ఏమడుగుతున్నానో తెలియక కాదు. ఇంకెలా అడగాలో తెలియక.

అమ్మ నా వేళ్లకేసి చూసింది.

"నాకిప్పుడు పసుపేటమ్మా," అంది. "నువ్వొక్కసారి రాసుకోమంతావేమోనని అప్పుడు చాన్నాళ్లు చూసినాను."

నా వేళ్ల మీది పసుపు తన వేళ్లకి తీసుకుంది. నేను వదిలేసిన గడ్డం కింద, చెవుల పక్కన నెమ్మదిగా రాసింది. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్లి, గోళ్ల సందుల్లో పచ్చదనం పోయేదాకా చేతులు కడుక్కుంది.