బావకు తగిలిన పెట్రోల్ వాసన

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నేను బండ్లు బాగుచేసే మనిషిని. ఇంజన్ ఆగిందంటే దానికొక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని అర్థం. ఇన్నేళ్ళుగా ఇదే నా మతం. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇంతకాలం వెనకాడాను.

మాధవరంలో మా బావకు కార్ల వర్క్‌షాపు ఉంది. బావ అంటే మా అక్క భర్త. ఆటోమొబైల్ డిప్లొమా పూర్తయ్యాక నేనూ అక్కడే చేరిపోయాను. ఆడపిల్లకు ఈ పనేంటని చుట్టాలు గొణిగితే, "నా మరదలు ఇంజన్ దించితే మీరొచ్చి చూడండి" అని ఎదురు చెప్పిన మనిషి ఆయన.

కరోనా తగ్గాక బావకు వాసన తెలియకుండా పోయింది. కొందరికి తిరిగి వచ్చినట్టు ఆయనకు రాలేదు. నరం దెబ్బతిన్నది, ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. ఒకసారి వంటింట్లో గ్యాస్ లీకవుతుంటే పక్క గదిలో పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. గుడి నుంచి వచ్చిన అక్క గుమ్మంలోనే కేక పెట్టి పరుగెత్తింది. కాబట్టి ఆ విషయంలో ఎవరికీ అనుమానం లేదు.

మా పనిలో ముక్కు చాలా ముఖ్యం. పెట్రోల్ కారితే కంటికంటే ముందు ముక్కుకే తెలుస్తుంది. ఇంకొకరైతే దిగులుపడి మూల కూర్చునేవాళ్ళు. బావ మాత్రం, "ముక్కు పోతే పోనీ, చెయ్యి ఉండాది గదా" అన్నాడు. పెట్రోల్ ఆవిరయ్యే చోట చర్మానికి చల్లగా తగులుతుంది. ఇంజన్ ఆపి, అరచేతి వెనక భాగాన్ని పైపుల పక్కన నెమ్మదిగా జరుపుతూ లీకు ఎక్కడుందో పట్టేసేవాడు. చూడటానికి వీణ మీద చెయ్యి జరిపినట్టుండేది. నేనెంత సాధన చేసినా నాకు అది రాలేదు.

ఒకరోజు జార్జి టౌన్ నుంచి శ్రీధర్ గారు తన కారు తెచ్చారు. వాళ్ళది కాగితాల హోల్‌సేల్ వ్యాపారం, మాకు పాత ఖాతాదారులు. అది టర్బో ఉన్న పెట్రోల్ బండి. ఇంజన్ బలం పెంచే ఆ టర్బో, వేడి పొగతో తిరుగుతూ నిప్పులా కాగుతుంది. లోపల కూర్చుంటే పెట్రోల్ వాసన వస్తోందని, పొద్దున పూట ఒక పట్టాన స్టార్ట్ కావడం లేదని చెప్పారు.

ఆ పని నేనే చేశాను. ముందు పైపుల్లో ప్రెషర్ తీసేసి, ఇంజెక్టర్లన్నీ బయటికి లాగాను. ఇంజన్లోకి పెట్రోల్ చిమ్మేవి అవే. ఒకటి లోపల కారుతోంది. మిగతా వాటి రబ్బరు రింగులు వేడికి గట్టిపడి పగిలిపోయాయి. కారేదాని చోట కొత్త ఇంజెక్టర్ వేసి, అన్నిటికీ కొత్త రింగులు తొడిగి, బోల్టులు సరైన బిగువుకు బిగించాను. ఇంజన్ నడిపి ప్రతి అతుకు దగ్గరా తెల్ల టిష్యూ కాగితం పెట్టి చూశాను. మరక పడలేదు. ఇంజన్ ఆపాక బావ కూడా చెయ్యి జరిపి తలాడించాడు.

మర్నాడు మధ్యాహ్నం శ్రీధర్ గారు భార్యనూ చంటిబిడ్డనూ వెంటబెట్టుకుని వచ్చారు. అటునుంచి అటే నెల్లూరు పోవాలట. ముగ్గురూ ఎక్కారు, బండి స్టార్ట్ అయింది.

బావ దూరంగా, గేటు దగ్గర బెంచీ మీద అన్నం క్యారియర్ విప్పుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"వసంతా! పెట్రోల్!"

నాకు అర్థం కాలేదు. ఆయన ఎంగిలి చేత్తోనే బండికి అడ్డంగా వచ్చేశాడు.

"వాసన వస్తా ఉండాది. ఆపమ్మే, ఆపు!"

నేను వాసన చూశాను. శ్రీధర్ గారు దిగి చూశారు, ఆయన భార్య చూసింది. ఎవరికీ ఏమీ తగల్లేదు. బానెట్ ఎత్తి మళ్ళీ టిష్యూ పెట్టాను. పొడిగా ఉంది.

శ్రీధర్ గారికి విసుగొచ్చింది. "మీకు వాసన తెలీదని మీరే చెప్తిరి గదా అన్నా! మాకు టైమ్ అవతా ఉండాది."

బావ బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు. "తిట్టుకో సామీ, పరవాలేదు. బిడ్డను మాత్రం దించు."

ఆ గొంతు విని ఆమె బిడ్డతో సహా దిగిపోయింది. నన్ను మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడమని, బావ సీట్లో కూర్చుని ఇంజన్ రేజ్ చేస్తూ పోయాడు. చాలాసేపు ఏమీ కాలేదు. నాకే సిగ్గనిపించింది. ఇంజన్ బాగా కాగి, టర్బో దగ్గర వేడికి మొహం పెట్టలేని స్థితి వచ్చాక, టార్చి వెలుగులో చూశాను. కొత్త ఇంజెక్టర్ ఒంటి మీద, వెంట్రుకంత సందులోంచి పొగమంచులాంటి తుంపర లేస్తోంది.

"ఆపు బావా!" అని అరిచాను.

ఇంజన్ చల్లబడగానే ఆ సందు మూసుకుపోయింది. చూస్తే కొత్తదానిలాగే ఉంది. తయారీలోనే ఉన్న పగులు, వేడికీ ఒత్తిడికీ మాత్రమే తెరుచుకుంటుంది. హైవే మీద ఆ తుంపర కాలుతున్న టర్బోకు తగిలి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. శ్రీధర్ గారు బిడ్డను ఎత్తుకుని బండికి దూరంగా, గేటు దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత డాక్టరును అడిగాను. వాసన పోయినవాళ్ళకు అప్పుడప్పుడు లేని వాసన వచ్చినట్టు భ్రమ కలుగుతుందట. సరే, భ్రమే అనుకుందాం. మా షాపుకు రోజూ ఎన్నో బండ్లు వస్తాయి. ఆ బండికే, ఆ క్షణానికే ఆ భ్రమ ఎందుకు కలగాలి? ఇంకో సంగతి. బావ కేక పెట్టినప్పటికి లీకు ఇంకా మొదలే కాలేదు. టిష్యూ పెట్టి చూసింది నేనే. ఇంకా పుట్టని వాసన గేటు దాకా ఎట్లా పోయింది? ఎంత వెతికినా నాకు కారణం దొరకలేదు.

ఆ సాయంత్రం బావ కాఫీపొడి డబ్బా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సబ్బు చూశాడు, అక్క తలలోని మల్లెపూలు చూశాడు. దేనికీ వాసన లేదు. ఈ రోజుకీ లేదు.

"ఎట్లుండె బావా, ఆ వాసన?" అని అడిగాను.

ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"ఎన్నేళ్ళయిందే వసంతా, ఏదో ఒకటి ముక్కుకు తగిలి! పెట్రోల్ అయితే ఏమి... భలే ఉండె."