ఆవపిండి కన్నీళ్లు, నా హిందీ ఉపన్యాసం

మా నూజివీడు తోటల్లో కాయలు రాల్చిన గాలివానలు చాలానే ఉన్నాయి గానీ, కుదరబోతున్న పెళ్లి సంబంధాన్ని రాల్చబోయిన గాలివాన మాత్రం నేనొక్కణ్ణే. ఆ విధ్వంసం ఎలా జరిగిందో వినండి.

అప్పట్లో హిందీ సినిమాలు తెగ చూసేవాణ్ణి. మాటలు సగమే అర్థమయ్యేవి, కన్నీళ్లు మాత్రం పూర్తిగా వచ్చేవి. కూతురి ఇష్టం అడగని తండ్రి, నోరు విప్పలేని కూతురు, ఆఖర్న లేచి నిలబడి అందరి కళ్లూ తెరిపించే ఒక మంచి మనిషి. మా ఇంట్లో ఆ మంచి మనిషి ఉద్యోగం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుక్కూచున్నాను.

అయింది. మా అన్నయ్య కూతురు శ్రావణికి పెళ్లిచూపులు. రేపొస్తామన్న ఉంగుటూరు వాళ్లు, మా వదిన ఆవకాయ పెట్టుకుంటున్న రోజే దిగిపోయారు. అబ్బాయి కిరణ్, వాళ్ల నాన్నగారు.

"వందిళ్లు గాలించి ఈ సంబంధం నేనే పట్టానండీ" అంటూ పెద్దాయన చిన్నరసం మామిడిపండు జుర్రుకుంటున్నారు. సగం ఆయన నోట్లోకి, సగం మీసాల్లోకి.

శ్రావణి వచ్చి కూర్చుంది. కళ్లు పండుమిరపకాయలు. ముక్కు కృష్ణా కాలవ. నాకు ఎక్కణ్ణించో వంద వయొలిన్లు వినిపించాయి.

"ఆపండి" అని లేచాను.

"ఏంట్రా, ఫ్యానా?" అన్నాడు అన్నయ్య.

"ఈ పెళ్లి. పిల్ల ఏడుస్తుంటే మీకు కనబడ్డంలేదా?"

వదిన వంటింటి గుమ్మంలోంచి, "అది ఏడుపు కాదయ్యా, పొద్దున్నించీ..." అంది.

"వదినా, ఈ ఇంట్లో ఆడవాళ్లని ఎవరూ మాట్లాడనివ్వరు. నువ్వు ఊరుకో, నేను చెప్తాను."

"బాబాయ్, కూర్చో" అంది శ్రావణి పళ్లబిగువున.

"భయపడకు తల్లీ, నేనున్నాను."

"నువ్వున్నావనే భయం బాబాయ్."

నేను ఆగితేనా! "దాని మనసులో ఎవరున్నారో ఒక్కరైనా అడిగారా?" అని ఇల్లదిరేలా అరిచాను.

పెద్దాయన పండు పళ్లెంలో పెట్టేశారు. "ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పమ్మా. మేం లేస్తాం." అన్నయ్య మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. కిరణ్ గచ్చు మీద చీమల్ని పరిశీలిస్తున్నాడు.

"ఉన్నారండీ" అంది శ్రావణి. "మీ పక్కనే కూర్చున్నారు."

పెద్దాయన మెల్లగా కొడుకు వైపు తిరిగారు. "ఎప్పట్నించిరా?"

"రెండేళ్ల నించి నాన్నా. హైదరాబాద్‌లో ఇద్దరిదీ ఒకటే ఆఫీసు బస్సు. పెద్దలు కుదిర్చిన సంబంధమైతేనే ఒప్పుకుంటారని, మధ్యవర్తికి ఫొటోలు మేమే ఇచ్చాం."

"అంటే, ఈ సంబంధం నేను పట్టలేదా?" కొడుకు ప్రేమించాడన్న కోపం కంటే ఈ దిగులే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది.

"ఆ వందిళ్లలోంచి దీన్ని ఏరింది మీరేగా నాన్నా."

వదిన గరిటెతో సహా బయటికొచ్చింది. "దానిచేత పొద్దున్నించీ ఆవపిండి జల్లెడ పట్టించానయ్యా. అందుకే ఆ కళ్లు. చెప్పనిచ్చావా?"

నేను తలుపు ఎంత దూరముందో చూసుకుంటున్నాను. చివరికి పెద్దాయన మీసం తుడుచుకుని, "ఏరింది నేనే కదా" అని తనకి తనే చెప్పుకుని, "ఇంకో రసం ఇలా ఇవ్వండి" అన్నారు. అన్నయ్య ఊపిరి పీల్చుకున్న చప్పుడు బాపులపాడు దాకా వినిపించి ఉంటుంది.

వెళ్లేటప్పుడు పెద్దాయన నన్ను పక్కకి లాగారు. "మా రెండోవాడు కూడా ఏదో దాస్తున్నాడండీ. ఆదివారం మా ఇంటికొచ్చి ఓసారి అలా లేచి నిలబడతారా?"

ఆ సాయంత్రమే కొత్తావకాయ జాడీ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. హిందీ సినిమా చూస్తాను, కుళ్లికుళ్లి ఏడుస్తాను, కానీ ఎవరి పెళ్లిచూపుల్లోనూ కుర్చీలోంచి లేవను. ఏ ఆడపిల్ల కళ్లు ఎర్రబడినా, ముందు వంటింట్లో ఏం జల్లిస్తున్నారో కనుక్కుంటాను.

అమలు మాత్రం సోమవారం నించి. ఆదివారం నాకు ఉంగుటూరులో పనుంది.