వీరభద్రరావు గారి ముందస్తు ప్రకటనలు

ముందుగా ప్రకటించనిదే వీరభద్రరావు గారు ఏ పనీ చేయరు. కుర్చీలోంచి లేవాలంటే "లేస్తున్నాను" అంటారు, లేస్తారు. "కూర్చుంటున్నాను" అంటారు, కూర్చుంటారు. వినేవాళ్లున్నారా లేరా అన్న పట్టింపు ఆయనకు లేదు.

కాల్గరీలో ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన మర్నాడే అమృతకు ఈ సంగతి తెలిసిపోయింది. పైకీ కిందికీ వేడిగాలి గొట్టాలు కలిసి ఉండటంతో ఆయన వంటింటి మాటలన్నీ ఆమె గది కప్పులో ఉన్న వెంట్‌లోంచి వినిపించేవి. "కుక్కర్ పెడుతున్నాను. మూడు కూతలు." మూడు కూతలూ వచ్చేవి. "ఆవాలు వేస్తున్నాను. చిటపటమంటాయి." అవీ అనేవి. పొద్దున్నే ఆరింటికి, ఉద్యోగం పోయి కంటిమీద కునుకు లేని మనిషికి ఈ తాలింపు వార్తలు ఎంత హాయిగా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

బయటా అదే వరస. డిసెంబర్‌లో, తలా ఒక వంటకం తెచ్చుకునే తెలుగువాళ్ల పాట్‌లక్‌లో పులిహోర వడ్డించుకుంటూ ఆయన "తుమ్ముతున్నాను" అని ప్రకటించారు. ముప్పైమంది ప్లేట్లు పట్టుకుని ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అర నిమిషం గడిచింది. తుమ్ము రాలేదు.

"రద్దయింది. కానివ్వండి" అన్నారాయన.

అందరూ నవ్వారు. అమృతకు మాత్రం నవ్వు రాలేదు. ఆ శీతాకాలం ఆమెకు ఏదీ నవ్వు తెప్పించలేదు. పనిచేసే ఆయిల్ కంపెనీ అక్టోబర్‌లో ఆమెను తీసేసింది. అంతకుముందు ఎప్పుడో, చేతిలో ఉద్యోగం ఉన్న ధైర్యంతో, కుక్కను పెంచుకుంటానని, దిక్కులేని కుక్కలను చేరదీసే ఒక రెస్క్యూ సంస్థకు అప్లై చేసింది. ఉద్యోగం పోయిన మూడోవారం ఆ అప్రూవల్ వచ్చింది. యాభై కంపెనీలు కాదన్నాక అవునన్న ఈమెయిల్ అదొక్కటే. ఆ ఒక్క "అవును"నూ కాదనడానికి ఆమెకు మనసు రాలేదు.

అలా వచ్చింది మిస్టీ, ఆమె ఈ బేస్‌మెంట్‌లో దిగిన రోజే. ఎనిమిదేళ్ల తెల్ల బొచ్చుకుక్క. ఎవరి గరాజ్‌లోనో ఏళ్ల తరబడి కట్టేసి ఉంచారట. వచ్చిన దగ్గర్నుంచి ఇంటిని వేడిచేసే ఫర్నేస్ వెనకాల దూరి వణుకుతూ కూర్చునేది. చెవుల వెనక, వెనక కాళ్ల మీద బొచ్చు ఉండలు కట్టి చర్మాన్ని లాగేస్తోంది. కుంటుతోంది కూడా.

వెట్ డాక్టర్ చూసి పెదవి విరిచింది. "దీని గుండె బాగాలేదు. మత్తిస్తే మళ్లీ లేస్తుందని నేను మాటివ్వలేను. మెలకువగా ఉన్నప్పుడే ట్రిమ్మర్‌తో తీయాలి. జనవరి చివరిదాకా చూద్దాం. ఆ తర్వాత చర్మం చీము పడుతుంది, ఇక మత్తు తప్పదు."

చిన్నప్పుడు తన జుట్టు చిక్కుపడితే అమ్మ ఏం చేసేదో అమృత అదే చేసింది. ఆదివారం నాడు మిస్టీకి గోరువెచ్చటి కొబ్బరినూనె పట్టించి, గంట నాననిచ్చి, శుభ్రంగా తలంటు పోసింది. నీళ్లు తగిలేసరికి ఉండలు మరింత బిగిసి రాయిలా అయ్యాయి. నూనె కార్పెట్‌కు అంటింది. మిస్టీ ఆమె మణికట్టు కొరికి, ఫర్నేస్ వెనక్కి దూరి, రెండురోజులు మెతుకు ముట్టలేదు. అమృత నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. తను పెంచుకోకపోయి ఉంటే అదైనా బతికేదేమో అనిపించింది.

మూడోరోజు పొద్దున వెంట్‌లోంచి గొంతు వినిపించింది. "గిన్నె దించుతున్నాను. చప్పుడవుతుంది."

ఫర్నేస్ వెనకనుంచి ఒక నల్లటి ముక్కు బయటికొచ్చింది. పైన గిన్నె ఠంగుమంది. చెంచా పడితేనే గోడకు అతుక్కుపోయే మిస్టీ ఈసారి ఉలిక్కిపడలేదు. మెల్లగా వచ్చి వెంట్ కింద పడుకుంది. అమృతకు అప్పుడు అర్థమైంది. దీని బతుకులో జరిగిందంతా చెప్పాపెట్టకుండానే జరిగింది, ఈ ఇంట్లో చెప్పి చేసే మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఆమె పరుగున పైకెళ్లింది. "అంకుల్, మిస్టీకి మీ గొంతు అలవాటైంది. కొంచెం కిందికి రాగలరా?"

"వస్తున్నాను. స్వెటర్ తొడుక్కుంటున్నాను" అన్నారాయన.

మర్నాటినుంచి రోజూ నాలుగింటికి, కిటికీ మంచులో పూడిపోయి చీకటి పడే వేళకు, ఆయన వచ్చి నేలమీద మఠం వేసుకునేవారు.

"మిస్టీ గారూ, ఇది ట్రిమ్మర్. చూపిస్తున్నాను. ముట్టుకోవడం లేదు."

మిస్టీ గారు చూసింది. ఇడ్లీ ముక్క తింది. ఆ రోజుకి అంతే. వారం రోజులూ అంతే.

"అంకుల్, మనకి టైమ్ లేదు" అంది అమృత, ఏడుపు ఆపుకుంటూ.

"తొందర మనదమ్మా, ఆవిడది కాదు."

రెండో వారం ఆయన "ఎడమ చెవి వెనక ముట్టుకుంటున్నాను. ఒకటి. రెండు. తీసేశాను" దాకా వచ్చారు. మిస్టీ మొహం తిప్పుకుంటే "వద్దన్నారు. రద్దయింది" అని బుద్ధిగా చేతులు కట్టుకునేవారు. మూడో వారం ట్రిమ్మర్ గుయ్యిమంటుందని చెప్పి మరీ గుయ్యిమనిపించారు. ఆయన చెప్పడం, అమృత చేయడం. మధ్యలో ఒకసారి ఆయన చెప్పకుండానే చెయ్యి కదిపింది అమృత. మిస్టీ పళ్లు చూపించింది. మళ్లీ మొదటి పాఠానికి వెళ్లారు.

జనవరి ఇరవై ఎనిమిదిన "కుడి కాలు" అని ఆయన అనగానే మిస్టీ కాలు తనంతట తనే ఎత్తి పెట్టింది. మొదటి ఉండ ఊడి అమృత ఒళ్లో పడింది. మరో మూడురోజుల్లో అన్నీ ఊడాయి. కింద చర్మం ఎర్రగా ఉంది గాని చీము పట్టలేదు. మిస్టీ చెవులు టపటపా విదిలించింది. అంత తేలిగ్గా ఉంటాయని దానికీ తెలిసినట్టు లేదు, నాలుగైదుసార్లు విదిలించి చూసుకుంది.

ఆ వారమే పక్కింటి మీనాక్షి గోంగూర పచ్చడి తెచ్చింది. వీరభద్రరావు గారి కుటుంబంతో ఆమెకు పాతికేళ్ల స్నేహం.

"అంకుల్‌కి ఈ అలవాటు ఎప్పటినుంచి ఆంటీ?" అనడిగింది అమృత.

"వాళ్లావిడ కనకదుర్గకి షుగర్‌తో చూపు పోయిందమ్మా. చప్పుడైతే ఉలిక్కిపడేది. అందుకని ఆవిడకి అన్నీ ముందే చెప్పి చేసేవారు. ఆవిడ పోయాక ఏడాదిన్నర నోరు విప్పితే ఒట్టు. పలకరించినా తలూపడమే."

"మరి ఇప్పుడు?"

"నువ్వు దిగిన రోజు నువ్వూ నీ కుక్కా కలిసి ఏడ్చారట కదా? ఆ గొట్టంలోంచి కిందికే వినిపిస్తుంది, పైకి వినపడదనుకున్నావా?" మీనాక్షి నవ్వింది. "కిందికెళ్లి పలకరించండీ అన్నాను. పిల్ల చిన్నబుచ్చుకుంటుంది, పైన మనిషున్నాడని తెలిస్తే చాలులే అన్నారు. మర్నాడే కుక్కర్ సంగతి మొదలెట్టారు. ఇప్పుడు ఆపమన్నా ఆపరు, షాపుల్లో కూడా అదే గోల!"

మీనాక్షి వెళ్లాక అమృత చాలాసేపు వెంట్ కింద నిలబడింది. ఆ రోజు కూడా రెండు కంపెనీలు కాదన్నాయి. బయట మైనస్ ఇరవై ఆరు. సిగ్గుతో మొహం వేడెక్కింది. చివరికి తలెత్తి గట్టిగా అంది.

"అంకుల్, టీ పెట్టుకుంటున్నాను."

పైన అట్లకాడ చప్పుడు ఆగిపోయింది. వెంట్‌లోంచి గొంతు వినిపించింది.

"పక్కనే ఉండమ్మా, పాలు పొంగుతాయి." మళ్లీ కాస్త ఆగి, "తుమ్ముతున్నాను."

అమృతా మిస్టీ తలలెత్తి వెంట్ వైపు చూస్తూ ఎదురుచూశారు. ఈసారి వచ్చింది.